వెనక నుంచి పిలవరాదు

“పోయినసారి నా చీరలకు బదులు నీ పంచెలు సర్దినావు. ఈసారన్నా సరిగ్గా పెట్టినావా?” వాకిట్లోంచి ఓబులమ్మ అడిగింది.

“సరిగ్గానే పెట్టినాలే,” అన్నాడు ఆదినారాయణ, సంచి మూతికి తాడు బిగిస్తూ.

ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఓబులమ్మ మాటే చట్టం. ఆమె నోరు తెరవగానే ముందు భర్త ఆదినారాయణ తలూపేవాడు. ఆయన్ను చూసి మిగతావాళ్లు ఊపేవాళ్లు. ఎవరైనా ఎదురు చెబితే సంచి సర్దించి, నంద్యాలలో చెల్లెలింటికి పోతానని గడపదాకా పోయేది. అందరూ కాళ్లావేళ్లా పడితే తిరిగొచ్చేది.

ఈసారి గొడవ కాఫీ మీద. సోమవారం కాఫీ బందు. అయినా కోడలు సరస్వతమ్మ తాగింది. పైగా కొడుకు శ్రీనివాసులు రేడియో చెవి మెలిపెడుతూ, “ఢిల్లీలోనే ఎమర్జెన్సీ ఎత్తేసినారు. మనింట్లో ఎప్పుడెత్తేస్తావు మా?” అన్నాడు.

ఓబులమ్మ గడప దాటింది. వెనకాలే సంచితో ఆదినారాయణ. వీధి చివరిదాకా ఆమె నత్తలా నడిచింది. ఎవరూ పిలవలేదు.

ఎట్లా పిలుస్తారు? బయల్దేరినవాళ్లను వెనక నుంచి పిలవరాదు, యాడికని అడగరాదు, పోయేవాళ్లు తిరిగి చూడరాదు. అదీ ఆమె పెట్టిన చట్టమే.

నంద్యాల బస్సు రానే వచ్చింది. ఆదినారాయణ చటుక్కున ఎక్కి కిటికీ పక్కన సీటు పట్టాడు. ఓబులమ్మ మాత్రం మెట్టు మీద కాలు పెట్టలేదు. చెల్లెలు రెండో పూట అన్నం పెట్టే మనిషి కాదు.

అంతలో సరస్వతమ్మ రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, అత్తను దాటిపోయి, గిర్రున తిరిగి ఎదురుగా నిలబడింది.

“వెనక నుంచి పిలవగూడదని ముందుకొచ్చినా అత్తా. ఇంటికి రా. ఇంక సోమవారం కాఫీ ముట్టను.”

“అట్లా రా దారికి. నేను లేకుంటే మీకు పూట గడవదు.” ఓబులమ్మ కొంగు దులిపింది. “దిగయ్యా, పోదాం,” అని చెప్పి, తిరిగి చూడకుండా ఇంటి దారి పట్టింది.

సరస్వతమ్మ ఒకసారి బస్సు కిటికీ వైపు చూసింది. తర్వాత అత్త వెంట నడిచింది.

ఇంటికి రాగానే ఓబులమ్మ మంచమెక్కి కొత్త చట్టం చెప్పింది.

“ఇంక మంగళవారం కూడా కాఫీ బందు.”

కొడుకూ కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి తలా కదల్లేదు.

“ఏందయ్యా, తలూపవే?” అంటూ ఓబులమ్మ పక్కకు తిరిగింది.

1977 మార్చి 21న నంద్యాల బస్సెక్కిన ఆదినారాయణ మళ్లీ రాలేదు.