నాచు తాళ్లు

"పడవ ఆపు మావయ్యా. ఇక మీదట ఇక్కడ వల వెయ్యకూడదు," అన్నాడు నాచు పెంచే కంపెనీ చొక్కా వేసుకున్న మేనల్లుడు హేమసుందర్.

రాముడు నవ్వాడు. "ఈ నాచు తాళ్లు కట్టింది నేనేరా. గాల్లో కార్బన్ పీల్చుకుద్ది, మన వేటకి అడ్డం రాదని నువ్వు చెబితే, ఊరినంతా ఒప్పించిందీ నేనే."

"అందుకే నీకు చెప్పాను. నువ్వు చెబితే ఊరు కాదనదు."

రాముడి నవ్వు ఆగిపోయింది. "అయితే వేట పోద్దని నీకు ముందే తెలుసా?"



రాముడు నాగాయలంక పాయకి అడ్డంగా ఉన్న తాడు ముడి విప్పబోయాడు. తుఫానుకైనా ఊడకూడదని మేనల్లుడు అడిగితే తనే బిగించిన ముడి అది. కదల్లేదు.

ఊరి పడవలన్నీ అప్పటికే వెనక వచ్చి ఆగి ఉన్నాయి. ఒకదాంట్లోంచి, ఆ మాటలు విన్న కొండలమ్మ మెల్లగా అడిగింది.

"నీకూ ముందే తెలుసా, రాముడన్నా?"