స్తంభం వెనక కుర్చీ

"అక్కడ కూర్చుంటే ఏమీ కనపడదు సార్. ఇలా గోడ పక్కన నిలబడండి," అంటూ టిక్కెట్లు చూసే ఆవిడ ఒక పొడుగాటి మనిషిని పక్కకు పంపేసింది.

అతను గొణుక్కుంటూ వెళ్ళగానే గుమ్మంలోంచి ఇంకొకావిడ చటుక్కున వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. హాలు కిటకిటలాడుతోంది. గుమ్మంలో కూడా జనమే. అయినా స్తంభం వెనక ఉన్న ఈ కుర్చీ మాత్రం ఎప్పుడొచ్చినా ఖాళీగానే ఉంటుంది. వేదిక కనపడని కుర్చీ ఎవరికి కావాలి? ఆమెకు కావలసింది మాత్రం అదే. తనకు భర్త కనపడకపోయినా ఫరవాలేదు, ఆయనకు తను కనపడకూడదు.

ఇబ్బందల్లా ఒక్కటే. ఫ్యాన్లన్నీ ముందు వరుసల మీదే తిరుగుతాయి, ఇక్కడ ఉక్కపోత ప్రాణం తీస్తుంది. ఈసారి ఎవరో పుణ్యాత్ములు కుర్చీలో మెత్త వేశారు. నడుం నొప్పి మనిషికి అదే పదివేలు అనుకుని, చేతిరుమాలుతో విసురుకుంటూ సర్దుకుని కూర్చుంది.

"మీ ఆయన ఎంత బాగా మాట్లాడతాడు వదినా! కడుపుబ్బ నవ్వించాడనుకో," అని పక్కింటావిడ మొదటిసారి చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు.

"ఇంకెవర్నో చూసుంటావు. మా ఆయన నోట్లోంచి మాట రావాలంటే జాకీ పెట్టి లేపాలి."

"లిఫ్టు మెకానిక్కునని తనే చెప్పాడుగా! మైకు పట్టుకున్న చేతికి బొటనవేలి గోరు కూడా లేదు."

అయితే ఆయనే.

నెలకోసారి జరిగే ఈ సభలో ఎవరైనా కథ చెప్పవచ్చు. జరిగిందే చెప్పాలి, తనకు జరిగిందే చెప్పాలి, చేతిలో కాగితం ఉండకూడదు. ఆయన ఇంట్లో ఓవర్‌టైమ్ అని చెప్పి వస్తాడు. ఆమె టైలర్ దగ్గరికని చెప్పి వస్తుంది. ఇన్నిసార్లు టైలర్ దగ్గరికి వెళ్ళినా ఇంటికి కొత్త గుడ్డ ఒక్కటీ రాలేదేమని ఆయన అడగలేదు. ఆయన ఏదీ అడగడు.

చిన్నప్పుడు ఆయనకు నత్తి ఉండేదని, వంటింట్లో తను తీసే కూనిరాగం కోసం ఆయన రేడియో కట్టేస్తాడని ఆమెకు ఈ స్తంభం వెనకే తెలిసింది. అందుకే ఆమెకు భయం. తనను చూశాడంటే ఆయన ఇక్కడ కూడా నోరు మూసేసుకుంటాడు. అప్పుడిక ఆ మనిషిని తను వినేదెక్కడ?

దీపాలు ఆర్పేశారు. వేదిక మీద ఒక్క దీపం ఉంచారు. స్తంభం అవతలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మా పనిలో ఒక పద్ధతుంది. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే ఒకడు పైన మిషన్ దగ్గరికి పోతాడు. ఇంకొకడు తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్ళతో మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగిందా, వాళ్ళు హడలిపోతారు. ఓ రోజు మాట్లాడే పని నా నెత్తిన పడింది. నేనా, పలకరిస్తే పారిపోయే రకం."

జనం నవ్వారు. ఆమె విసురుకోవడం ఆపేసింది.

"లోపల ఎవరో అమ్మాయి. కరెంటు లేదు, చీకటి. ఒకటే ఏడుపు. ఏం చెప్పాలో తోచక, 'ఏడవకండి, కన్నీళ్ళకు లిఫ్టు బరువెక్కుతుంది' అన్నాను. ఏడుపు ఆగింది. 'ఎక్కితే ఎక్కనీ, మోసేది మీరేగా, నాకేం?' అంది."

హాలు గొల్లుమంది. ఆమె రుమాలుతో నోరు నొక్కుకుంది.

"ఇక చూసుకోండి! మా చెల్లెలి పిల్లి గురించి, మా మేస్త్రీ గురక గురించి, నోటికొచ్చిందల్లా చెప్పాను. ఆ అమ్మాయి నవ్వుతోంది. ఇంతలో తలుపు తెరిచారు. వెలుతురు పడింది. ఆ ముఖం చూశాను. అంతే, మాట పోయింది. పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆ ముఖం ఎదురుగా ఉంటే నాకు ఇప్పటికీ మాట రాదు. లిఫ్టు చెడిపోయిందని సంతోషపడ్డ మెకానిక్కు ఎక్కడైనా ఉన్నాడంటే అది నేనేనండీ. ఆ సంగతి ఆవిడకు ఇంతవరకూ చెప్పలేకపోయాను."

చప్పట్లు మోగాయి. ఆమెకు కన్నీళ్ళు ధారలు కట్టాయి. చీకట్లో అంతలా నవ్వించినవాడు వెలుతురులో ఎందుకు మూగబోయాడో తెలియక, తన ముఖం నచ్చలేదేమోనని ఆమె ఇన్నేళ్ళూ లోలోపల కుమిలిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు ఆ బరువంతా దిగిపోయింది.

దీపాలు వెలిగేలోపే లేచి, గబగబా నడిచి ఇంటికి చేరింది. చెప్పులు విడిచి కూరగాయలు ముందేసుకుందో లేదో ఆయన వచ్చాడు.

"పనయిందా?" అని ఆమె అడిగింది.

"ఊఁ."

"చాలా ఉందా?"

"ఏదో, ఉంది."

చెమటకు నుదుటికి అతుక్కుపోయిన ఆమె జుట్టు వైపు ఆయన ఓ క్షణం చూశాడు.

"పొయ్యి దగ్గర ఒకటే ఉక్క," అంది ఆమె, అడక్కుండానే. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కుళాయి చప్పుడు వినిపించింది. కాసేపటికి అది ఆగింది. మూసిన తలుపు అవతలి నుంచి ఆయన గొంతు వచ్చింది.

"వచ్చే నెలకి ఆ స్తంభం దగ్గర ఫ్యాను పెట్టమన్నాను."