బోర్లా పడుకుని విన్న సీరియల్

“ఇయ్యాళ ఏమైంది? ముసలోడు కొడుకు పేర సంతకం పెట్టిండా?”

బోర్లా పడుకుని, దిండులో ముఖం దాచుకునే అడిగాడు జనార్దన్. మహబూబాబాద్‌లో రైతుల మిర్చిని కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఆయనది. హైదరాబాదులో కంటి వెనక రెటీనా పొరకు ఆపరేషన్ చేసిన డాక్టరు, పది రోజులు తల ఎత్తొద్దన్నాడు, మెట్లెక్కొద్దన్నాడు. టీవీ గదేమో మేడ మీద. అందుకే రోజూ సాయంత్రం భార్య రుక్మిణమ్మ పైకి వెళ్లి, అరగంటకు దిగి వచ్చి సీరియల్ కథ చెబుతోంది. ఇన్నేళ్లూ “ఆడోళ్ల ఏడ్పులు” అని వెక్కిరించిన మనిషికి, ఇప్పుడు ఏడున్నరయితే ప్రాణం ఆగదు.

“పెట్టలే. కలం మూత తీసిండు. మూడుసార్లు ఉరిమింది. అయిపోయింది.”

“కలం మూతకు గూడ ఉరుముతదానే?”

“గొప్పోళ్ల ఇల్లు గద. చాయ్‌ల చక్కెర ఎక్కువైనా ఉరుముతది. కోడండ్లు పట్టుచీరల్నే పండుకుంటరు.”

జనార్దన్ దిండులోకే నవ్వాడు. ఆ దిండు కిందే ఆయన కాగితాలూ ఉన్నాయి. తల ఎత్తిన రోజు దుకాణం లైసెన్సు కొడుకు విజయ్ పేరిట మార్చాలి. కూతురు వాసవి ఎనిమిదేళ్లుగా పని చూస్తోంది, నిజమే. కానీ గద్దె మీద కూర్చునేది కొడుకే కదా!

“మరి గా ముసలోని బిడ్డ?”

“మిర్చి యార్డులనే ఉన్నది. మిరపకాయ చెవికాడ ఊపి, గింజ చప్పుడును బట్టి తేమ చెప్పింది. వానొస్తే తానే పట్టాలు గుంజి బస్తాల మీద కప్పింది. కొడుకు కారుల కూసోని తుమ్ముతున్నడు.”

“గింజ చప్పుడా! గది మా బాపు నాకు నేర్పిండు, నేను వాసవికి నేర్పిన. ఏసీ గదిల కూసోని రాసెటోనికి ఎట్ల తెల్సే? వానికి శాలువ కప్పాలె.”

రుక్మిణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయినా గా ముసలోనికి కండ్లు లేవా?” కసిరాడు జనార్దన్.

“ఉన్నయి. ఎప్పుడు సూడు, కొడుకు దిక్కే తిరిగి ఉంటయి.”

ఆయన చెయ్యి దిండు కిందికి పోయి కాగితాలను తడిమింది.

“బిడ్డకియ్యకుంటే ఇగ నేను సూడ,” అన్నాడు చివరికి.

“ఇప్పుడేమన్న సూస్తున్నవా?” అంటూ ఆమె ఆయన కంట్లో వేసే చుక్కల మందు తేవడానికి లేచింది.

పదకొండో రోజు సాయంత్రం తల ఎత్తగానే ఇద్దరు పిల్లల్నీ పిలిచాడు.

“లైసెన్సు వాసవి పేరు మీద చేస్తున్న. విజయ్, నీకేమన్న బాధనా?”

విజయ్ బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. “బాపూ, మిర్చి ఘాటుకు నా తుమ్ములు ఆగయి. జనగామల సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంటనని మూడేండ్ల సంది అడుగుదామనుకుంటున్న.”

వాసవి చేతులకున్న కారం చున్నీకి తుడుచుకుని గోదాం తాళంచెవి అందుకుంది. ఆమె కళ్లు మండుతున్నాయి. కారం వల్ల కాదు.

“ఇగ పైకి నడువు,” అన్నాడు జనార్దన్ భార్యతో హుషారుగా. “గా ముసలోనికి బుద్ధొచ్చిందో లేదో నా కండ్లతోటి సూస్త.”

రుక్మిణమ్మ మెట్లకు అడ్డంగా నిలబడింది. “జర ఆగరాదు. చాయ్ పెడత.”

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. దుప్పట్లో చుట్టిన వెడల్పాటి వస్తువును రెండు చేతులా పట్టుకుని మెకానిక్ కొమురెల్లి లోపలికొచ్చాడు.

“అమ్మా, పదిహేను దినాలకు బాగైంది మీ టీవీ!”