కోడిపెట్ట అడిగిన గడ్డి

చిన్న కథే, చిటికెలో చెప్పేస్తాను. అన్నట్టు, బురద చాలలేదని బాతు నిన్న మళ్లీ అలిగిందట. సరే, కోడిపెట్ట సంగతికొద్దాం.

బండ మీద పెడితే గుడ్లు పగులుతాయని పెట్టకు భయం. ముందే గింజలిచ్చి కాకి దగ్గర ఆన్‌లైన్‌లో గడ్డి ఆర్డరు పెట్టింది. మూడు రోజులన్న గడ్డి పదిహేను రోజులైనా రాలేదు.

"దారిలో ఉందమ్మా," అంది కాకి.

పెట్ట ఊళ్లోని దారులన్నీ వెతికొచ్చింది. "ఏ దారిలో నాయనా?"

"గడువు దాటింది పిన్నీ! ఆర్డరు వద్దని గింజలు వెనక్కి అడుగు, అది నీ హక్కు," అంది ఉడుత.

"అడిగితే కోప్పడదూ?" అంటూనే వెళ్లి అడిగింది పెట్ట.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదే!" అంటూ కాకి గింజలన్నీ ఇచ్చేసింది.

పెట్ట వాటితో ఆవు దగ్గర గడ్డి తెచ్చుకుని, ఆ పూటే గుడ్డు పెట్టింది.