మీసాల మైలేజీ

"నీ కారు లీటరుకి ఇరవై దాటితే నా మీసం తీసేస్తా. దాటకపోతే నీది. సరేనా తమ్ముడూ?" అన్నాడు పెద్దల్లుడు.

"సరే అన్నయ్యా. మీసాల దువ్వెన ఎవరికైనా ఇచ్చెయ్, ఇక దాంతో నీకు పనుండదు," అన్నాడు చిన్నల్లుడు.

అక్కాచెల్లెళ్ళని చేసుకున్న ఆ తోడల్లుళ్ళిద్దరివీ ఒకే రకం కార్లు. తేడా చక్రాల్లోనే. పెద్దల్లుడు ఆమధ్య మోజుపడి తన కారుకి పెద్ద చక్రాలూ వెడల్పాటి టైర్లూ వేయించుకున్నాడు. అప్పటినుంచీ లీటరుకి పదిహేను కూడా రావడం లేదు. ఈ రకం కారే తాగుబోతుదని ఆయన తీర్మానం. చిన్నల్లుడేమో ఈమధ్య తన కారు ఇరవై పైనే ఇస్తోందని ఊరంతా టముకు వేస్తున్నాడు.

"తప్పు కారుది కాదు బావా, చక్రాలది," అంది చెల్లెలు, పిల్లాడి చొక్కా మడతపెడుతూ. "బరువు చక్రాన్ని తిప్పాలంటే ఇంజను ఎక్కువ తాగుతుంది. పైగా మీటరు చూసేది దూరాన్ని కాదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందని. పెద్ద చక్రం ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలీదు కదా, పాత లెక్కే వేస్తుంది. మీ మైలేజీ కొంత నిజంగానే పడిపోయింది, కొంత మీటరు మింగేసింది."

"ఇంత గడగడా ఎక్కడ నేర్చావే?" అంది అక్క.

"కాలేజీలో చదివాంగా."

"నేనూ అదే కాలేజీ. నాకు క్యాంటీను తప్ప ఏమీ గుర్తులేదు."

చిన్నల్లుడి ఇంట్లో కారు తోలడం ఒక్కటే ఆయన వంతు. దాని గాలీ, ఆయిలూ, టైర్లూ, కడుగుడూ అన్నీ పిల్లల స్కూలు సంచులతో పాటు చెల్లెలి నెత్తినే ఉన్నాయి.

చెప్పులు వేసుకుంటున్న మొగుణ్ణి ఆవిడ పక్కకి లాగింది. "మీసాలతో పందెం ఎందుకండీ? కాఫీతో సరిపెట్టుకోండి."

"నా మీసం మీద నీకెందుకు బెంగ? గెలిచేది మనమే."

చెల్లెలి ముఖం ఇంకా చిన్నబోయింది.

బంకులో ట్యాంకు మూతిదాకా నింపించారు. మీటరు సున్నా చేశారు. పక్క ఊరిదాకా పోయి రావాలి, మళ్ళీ మూతిదాకా నింపాలి, ఎంత పడితే అంత తాగినట్టు లెక్క. మీటరు మీద ఓ కన్నేసి ఉంచడానికి పెద్దల్లుడు ముందు సీట్లో కూర్చున్నాడు. అక్కాచెల్లెళ్ళు వెనక.

"మైలేజీ కావాలంటే మెల్లగా పోవాలి తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు పెద్దమనసుతో.

"మెల్లగా పోయి గెలిస్తే మజా ఏముంది? తొంభైకి తగ్గేది లేదు."

చిన్నల్లుడికి వేగం అంటే పిచ్చి. ఒకప్పుడు ఆయన కారెక్కితే చెల్లెలు తలుపు మీది పిడిని వదిలేది కాదు. వెనక సీట్లో కూర్చునే, లేని బ్రేకుని తొక్కుతూ ఉండేది. ఇవాళ ముల్లు తొంభై మీద ఊగుతుంటే, ఒళ్ళో పిల్లాడి చొక్కా పెట్టుకుని తాపీగా గుండీ కుడుతోంది. సూదిలో దారం కూడా ఒక్కసారికే ఎక్కించింది.

"చూశావా అన్నయ్యా? మీ మరదలికి భయం ఎలా పోగొట్టానో."

అంతలో ఓ క్యాబేజీల లారీ హారన్ కొట్టుకుంటూ వాళ్ళని దాటిపోయింది.

"తొంభైలో పోతున్న నన్ను క్యాబేజీలు దాటుతాయా?" చిన్నల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. "ఈమధ్య ఎవర్ని చూసినా తొందరే."

తర్వాత ఓ పాలవ్యాను దాటింది. ఆ తర్వాత మోటార్‌సైకిల్ మీద ఓ తాతగారు, వెనక సీటుకి పూలకుండీ కట్టుకుని, వీళ్ళకేసి జాలిగా చూస్తూ దాటిపోయాడు. అక్కకి నవ్వాగలేదు. చెల్లెలు దారం కొరికి ఇంకో గుండీ అందుకుంది.

తిరిగొచ్చి బంకులో ఆగారు. పెట్రోలు మూతిదాకా వచ్చింది. మీటరు చూసి, లీటర్లు చూసి, అక్క ఫోనులో భాగహారం చేసింది.

"ఇరవై దాటింది," అంది. "దర్జాగా దాటింది."

పెద్దల్లుడు ఫోను లాక్కుని తనే మళ్ళీ చేశాడు. అంకె మారలేదు. "అసలు పక్క ఊరు ఇంత దూరం ఎప్పుడైంది?"

"మంచి టీ కావాలని సందు సందూ తిప్పించింది ఎవరు?" అంది అక్క.

పెద్దల్లుడు ఇంటికొచ్చి, అద్దం ముందు చాలాసేపు నిలబడి, మాట నిలబెట్టుకుని బయటికొచ్చాడు. రోజూ ఆయన కాళ్ళ దగ్గర పడుకునే కుక్క ఎవరో కొత్తవాడనుకుని మొరిగింది.

"పెళ్ళిచూపులకే ఇలా వచ్చుంటే ఇంకా తొందరగా ఒప్పుకునేదాన్ని," అంది అక్క. ఆ మాటతో ఆయన కాస్త తేరుకుని, మూతి తడుముకుంటూ అన్నాడు. "మరదలా, ఆ పెద్ద చక్రాలు రేపే పీకించేస్తా. మీ కారుకి వేయించినవే మాకూ వేయించు. షాపుకి నువ్వే రావాలి."

చెల్లెలు గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్క వెనకే వచ్చింది.

"అది సరే గానీ, నీకు భయం ఎలా పోయిందే? మా ఆయన ముల్లు ఎనభై దాటిస్తే చాలు, నాకు గుండె నోట్లోకొస్తుంది."

చెల్లెలు తలుపు దగ్గరికి వేసింది. పాపం, నున్నగా మెరిసిపోతున్న బావ మూతి గుర్తొచ్చి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అక్క చెవిలో అంది.

"పోయిన నెల ఆయన ఊళ్ళో లేనప్పుడు, ముల్లు తొంభై చూపించినా బండి ఎనభైలోనే పోయేట్టు, ఒక సైజు చిన్న టైర్లు వేయించేశానే."