ఖాళీ బుడగలు

"బుడగలన్నీ ఖాళీగా ఉన్నాయేంటండీ?" అంది బొమ్మలమ్మాయి.

ప్రెస్సు యజమాని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఆమె గీసిన కామిక్ పుస్తకం తిరగేశాడు. ప్రతి పేజీలోనూ మనుషులున్నారు. నోళ్ళు తెరిచి ఉన్నారు. తలల పక్కన తెల్లటి బుడగలున్నాయి. బుడగల్లో ఒక్క అక్షరం లేదు.

"నువ్విచ్చిన ఫైల్లో ఏముందో అదే అచ్చేశాం తల్లీ. మాటల్లేని కథేమో, ఈ మధ్య ఇదో పద్ధతేమో అనుకున్నా. ప్రూఫ్ చూసింది నువ్వే, సంతకం పెట్టింది నువ్వే."

నిజమే. నలుపు సరిగా పడిందా, అంచులు సమంగా వచ్చాయా అని చూసిందే గానీ మాటల కోసం చూడలేదు. కంఠతా వచ్చిన మాటలు కాగితం మీద లేకపోయినా ఉన్నట్టే ఉంటాయి.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆమెకి అక్కడే తెలిసిపోయింది. కంప్యూటర్లో బొమ్మలు ఒక పొరలో, మాటలు ఇంకో పొరలో ఉంటాయి. అమ్మో నాన్నో గదిలోకి వచ్చినప్పుడల్లా ఆమె మాటల పొరని దాచేసేది. దాచింది దాచినట్టే ప్రెస్సుకి పంపేసింది.

"మళ్ళీ వెయ్యడానికి..."

"మిషన్ మీద మందుల డబ్బాల అట్టలున్నాయి. వారం దాకా కుదరదు. బుక్ ఫెయిర్ ఎప్పుడన్నావు?"

"రేపు పొద్దున."

"అయితే పెన్ను పట్టు. ఇంట్లో రాసే చేతులు లేవా?"

ఉన్నాయి. చిక్కల్లా అదే.

నాన్న గడియారాలు బాగుచేస్తాడు. అమ్మ లాండ్రీలో చొక్కా కాలర్ల లోపల గుర్తులు రాస్తుంది. చీమ తలంత అక్షరమైనా ఇద్దరి చేతుల్లోనూ వణక్కుండా పడుతుంది. కానీ వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆ ఇంట్లో ఏ మాటైనా కూతురి మీదుగానే వెళ్ళాలి. కామిక్‌లో ఉన్నదీ అదే. ఒక మొగుడు, ఒక పెళ్ళాం, మధ్యలో మాటలు మోసే పిల్ల. ప్రచురణకర్తల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి సొంతంగా వేయించుకుంది. దాన్ని పెట్టుకుని అమ్ముకునేందుకు దొరికిన చోటు రేపటి ఫెయిర్‌లో ఒక్క బల్ల మాత్రమే.

మధ్యాహ్నానికి పుస్తకాల కట్టలు ఇల్లు చేరాయి. మొదటి పుస్తకం కాబట్టి తక్కువే వేయించింది. కథలోని పిల్ల బుడగలన్నీ ముందు తనే కూర్చుని నింపింది. సాయంత్రం వెళ్ళి బల్ల సర్దుకోవాలి. ఇక వేరే దారి లేక, మొగుడి మాటలున్న కాగితం నాన్నకి, పెళ్ళాం మాటలున్న కాగితం అమ్మకి ఇచ్చింది.

నాన్న కాగితం చదివాడు. భూతద్దం కంటికి తగిలించుకుని అట్ట మీది బొమ్మ చూశాడు.

"ఈ గడియారాలాయన ఎవరమ్మా?"

"ఎవరో, నాన్నా. కథ."

"కథలో ఆయనకీ ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందే."

"మీ నాన్నకి చెప్పవే," అంది అమ్మ తల ఎత్తకుండా. "పుట్టుమచ్చ ఒక్కటే కాదు, మొండితనం కూడా అచ్చు దిగిపోయిందని."

"నాన్నా, అమ్మేమంటోందంటే..."

"వినబడింది. ఆవిడ మూతి విరుపు కూడా బాగానే దిగిందని చెప్పు."

బొమ్మలమ్మాయి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఇష్టం లేకపోతే వదిలెయ్యండి. బల్ల వద్దని చెప్పేస్తా."

నాన్న అట్టని కూతురి వైపు తిప్పాడు.

"ఊరంతా చదువుతారా దీన్ని?"

"కొంటే చదువుతారు."

"పెన్ను ఇలా ఇయ్యి."

"సన్న మొన ఉన్నది నాకు వదలమను," అంది అమ్మ. నాన్న తన చేతిలోని పెన్నుని అమ్మ వైపు దొర్లించాడు.

బల్ల సర్దుకుని తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. లాండ్రీ దారంతో బిగించిన కట్టలు గుమ్మం పక్కన ఉన్నాయి. ఒకటి విప్పబోయింది.

"ముడి ముట్టుకోకు. మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదు," అంది అమ్మ.

ఆ పూట ఎవరూ ఆమెకి ఏ కబురూ అప్పగించలేదు. అలిసిపోయారు కాబోలు అనుకుంది.

పొద్దున ఫెయిర్‌లో ఇంకా కట్టలు విప్పుతుండగానే మొదట కొన్నది ఒక నర్సు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ ఆగింది. కొని, ఎదుటి బెంచీ మీద కూర్చుని అక్కడే చదివింది. బొమ్మలమ్మాయి ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు. నవ్వాల్సిన చోట నర్సు నవ్వలేదు. నవ్వకూడని చోట నవ్వింది. చివరికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"నువ్వే వేశావా?"

"నేనేనండీ. మొదటిది. బాలేదా?"

"బాగుంది. ఒక్కటే అర్థం కాలేదు."

పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. భోజనం పేజీ. పెళ్ళాం బుడగలో ‘తినడానికి మీ నాన్నని రమ్మను’ అని ఉండాలి. అమ్మ అక్షరాలతో ‘రండి, చల్లారిపోతోంది’ అని ఉంది. మొగుడి బుడగలో ‘ఆకలి లేదని మీ అమ్మకి చెప్పు’ అని ఉండాలి. నాన్న అక్షరాలతో ‘వస్తున్నా, నువ్వూ కూర్చో’ అని ఉంది. ఇద్దరి మధ్యా నిలబడ్డ పిల్ల మాత్రం బొమ్మలమ్మాయి రాసిన మాటలే అంటోంది: ‘నాన్నా, అమ్మ రమ్మంటోంది. అమ్మా, నాన్నకి ఆకలి లేదట.’

నర్సు పిల్ల బొమ్మ మీద వేలు పెట్టింది.

"మొగుడూ పెళ్ళాం ఇంత చక్కగా మాట్లాడుకుంటుంటే, మధ్యలో ఈ పిల్లకేం పనమ్మా?"