కోడలి బిళ్ళ

"ఆఁ, రాయి బిడ్డా. నా పేరు వద్దు, భిక్షమయ్య అని రాయి. వేరేటోళ్ళ ముచ్చట లెక్క ఉండాలె."

డెబ్బై దాటాక భిక్షమయ్యకు మగ్గం మీద చెయ్యి ఆగడం మానేసింది. పోగు తెగినా అడ్డపోగు వేసే నాడె విసురుతూనే ఉండేవాడు. ఇంకో చీర చెడితే మగ్గం విప్పేయమన్నారు నేత సంఘంవాళ్ళు. అప్పటికే ఇంటింటికీ పాలతోపాటు ఆపుడు బిళ్ళలు వస్తున్నాయి, మనిషికి రోజుకొకటి. చెవి వెనక అంటిస్తే మెదడులోకి మందు దిగి, ఆగవలసిన చోట మనిషి ఆగుతాడు. అన్నాళ్ళూ వద్దన్న భిక్షమయ్య కూడా ఇక అంటించుకోసాగాడు.

పెళ్ళిచీర మగ్గం దిగాల్సిన రోజునే, మిగిలిన పడుగు పోగులకు గంజి పెడుతుంటే చెమటకు ఊడి ఆయన బిళ్ళ గంజిలో పడింది. కోడలు అండాలు తన బిళ్ళ పీకి ఆయన చెవి వెనక అంటించింది.

"మరి నీకెట్ల?"

"నాకేం మగ్గమా మామా, నోరే గదా!"

గంటలో ఆ నోరు తెరుచుకుంది.

"ఇరవై ఏండ్లాయె, నా కూర మంచిగుందని ఒక్కనాడన్నవా? ఆడపిల్ల పుట్టిందని మూడొద్దులు దాని మొకం సూడకపోతివి!"

భిక్షమయ్యకు నాలుక చివరిదాకా వచ్చిన మాట ఆగింది. అంతలో పోగు తెగింది, చెయ్యీ ఆగింది. ముడి వేసుకుంటూ అన్నీ విన్నాడు. అన్నీ నిజాలే. సాయంత్రం చీర మచ్చలేకుండా దిగింది.

"చెయ్యి ఆపినవేంది బిడ్డా? ఆ పిల్లవు నువ్వే, రాయి. మీ అమ్మ తల్లిగారింటికాడ ఉన్నది గదా, ఫోన్ల సదివి ఇనిపియ్యి. ఆమె తిట్లు ఒక్కటి ఇడువకు. ఆకర్ల, కూర శానా మంచిగుండెనని సదువు."